కాగితం మీద ఊరిపేరు

కాగితం విప్పలేదు. బ్లేడును కాగితంతో సహా నిలువునా మడిచి, రెండు బొటనవేళ్లతో ఒక్క నొక్కు నొక్కాడు. టిక్కుమంది. అప్పుడు కాగితం తీసి, ఒక సగాన్ని కత్తిపిడిలోకి జార్చి బిగించాడు. రెండో సగాన్ని అదే కాగితంలో చుట్టి అద్దం కింద పెట్టాడు. మా వీధి చివరి సెలూన్లో ఇది రోజూ జరిగే పనే. ఎయిడ్స్ భయం ఊళ్లలోకి వచ్చాక సాన పట్టే పాత మంగలి కత్తి మూలన పడింది. మనిషికో కొత్త సగం బ్లేడు అలవాటయింది.

"ఈ బ్లేడు ఎక్కడిదన్నా?" అని అడిగాను.

"ఆ షాపుదే సార్, ఎదురుగుండా" అన్నాడు.

సరైన జవాబే. బ్లేడుకు ఊరుంటుందని ఎవరనుకుంటారు? మామిడిపండుకు బంగినపల్లి ఉంది, చీరకు పోచంపల్లి ఉంది. ఒక మిల్లీమీటరులో పదోవంతు మందముండే ఉక్కు రేకుకు ఊరేమిటి? నిజానికి దానికీ ఊరుంది. చిక్కల్లా పైనున్న పేరుతోనే. ఆ పేరు ఒక ఊరు చెబుతుంది, లోపలి రేకు ఇంకో ఊళ్లో పుట్టి ఉంటుంది.

మొదటి ఊరు అమెరికాలోని బోస్టన్. కింగ్ క్యాంప్ జిలెట్ అక్కడ సోడా సీసా మూతలు అమ్మే కంపెనీకి ఊరూరా తిరిగే సేల్స్‌మన్. ఆ మూతను కనిపెట్టిన విలియం పెయింటర్ అతనికో సలహా ఇచ్చాడు: ఒకసారి వాడి పారేసే వస్తువు ఏదైనా కనిపెట్టు, కొన్నవాడు మళ్లీ మళ్లీ నీ దగ్గరికే వస్తాడు. 1895లో ఒక పొద్దున గడ్డం గీసుకోబోతే కత్తి మొండిగా ఉంది. తోలుపట్టా మీద రుద్దితే లొంగేది కాదు, సాన పట్టించాల్సిందే. అసలు కావలసింది వాదర మాత్రమే కదా, దాని వెనక ఇంత ఇనుము మోయడం ఎందుకు అని అప్పుడు తట్టింది. పలచటి రేకు, రెండు వైపులా పదును, మొండిబారితే పారెయ్యడమే.

చెప్పడానికి ఇంతే, చేయడానికి ఆరేళ్లు పట్టింది. పలచటి రేకును కాల్చి గట్టిపరచబోతే వంకర్లు పోతుంది, చల్లార్చబోతే పెళుసెక్కుతుంది. తెలిసినవాళ్లంతా కుదరదన్నారు. తనకు ఆ చదువు ఉండి ఉంటే తానూ వదిలేసేవాణ్ణని జిలెట్ తర్వాత ఒప్పుకున్నాడు. చివరికి ఎం.ఐ.టి.లో చదివిన విలియం నికర్సన్ ఆ ముడి విప్పాడు. కంపెనీ 1901లో పుట్టింది, 1903లో అమ్మకాలు మొదలయ్యాయి. మొదటి ఏడాది అమ్ముడుపోయినవి 51 రేజర్లు. మరుసటి ఏడాది లెక్క 90 వేలు దాటింది. 1904 నవంబరులో పేటెంటు చేతికొచ్చింది.

ఇక్కడ ఒక అపోహ దులపాలి. రేజరును ఊరికే ఇచ్చి, బ్లేడ్ల మీద డబ్బు లాగడం జిలెట్ కనిపెట్టిన కిటుకని మేనేజ్‌మెంటు పాఠాల్లో చెబుతారు. ప్రింటర్ చవక, ఇంకు ఖరీదు అన్న చోటల్లా ఆయన పేరే ఎత్తుతారు. కానీ పేటెంటు ఉన్నన్నాళ్లూ ఆయన రేజరు ధర అయిదు డాలర్లు. ఆ రోజుల్లో అది చిన్న సొమ్ము కాదు. 1921లో పేటెంటు గడువు ముగిసి, ఎవరైనా చేసుకోవచ్చన్నాకనే ధర దించక తప్పలేదు. అంటే గురువుగారు ఆ పాఠం చెప్పలేదు, కాలం ఆయనకే నేర్పింది.

మనిషి కూడా చిత్రమైనవాడే. బ్లేడు ఊహ తట్టడానికి ఏడాది ముందు, 1894లో, 'ది హ్యూమన్ డ్రిఫ్ట్' అని ఒక పుస్తకం రాశాడు. వ్యాపారంలో పోటీయే సకల పాపాలకు మూలమనీ, దేశమంతటికీ ఒకే ప్రజా కంపెనీ ఉండాలనీ, జనమంతా నయాగరా జలపాతం కరెంటుతో నడిచే ఒకే మహానగరంలో ఉండాలనీ అందులో వాదించాడు. ఆ తర్వాత పోటీలో ప్రపంచాన్నే గెలిచాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్లకు పైగా బ్లేడ్లు కొంది. యుద్ధం నుంచి ఇల్లు చేరిన కుర్రాళ్లు మళ్లీ మంగలి కుర్చీ ఎక్కలేదు. వాడేసిన బ్లేడ్లను ఏం చేయాలన్నది ఇంటింటి సమస్య అయింది. అమెరికా వాళ్లు స్నానాలగది అద్దం వెనక గోడలోకి ఒక చీలిక పెట్టుకున్నారు. బ్లేడు అందులో వేస్తే గోడ లోపల పడిపోతుంది. పాత ఇళ్లు పడగొడుతుంటే ఇప్పటికీ తుప్పు పట్టిన బ్లేడ్లు గుట్టగా రాలుతుంటాయి.

గోడలో చీలిక సరే, బ్లేడు మధ్యలో ఉన్న చీలికకూ ఒక తగాదా ఉంది. మొదట్లో జిలెట్ బ్లేడుకు మూడు గుండ్రటి రంధ్రాలే ఉండేవి. హెన్రీ గైస్‌మన్ అనే పోటీదారు వేరే తీరు చీలికతో, జిలెట్ రేజరులోనూ పట్టే బ్లేడు చేశాడు. 1930లో జిలెట్ కంపెనీ కొత్త బ్లేడు తెస్తే, అది నాదేనని కోర్టుకెక్కాడు. తగవు చివరికి రెండు కంపెనీల కలయికగా తేలింది. కలిసేటప్పుడు ఖాతాలు తిరగేస్తే, జిలెట్ కంపెనీ కొన్నేళ్లుగా లాభాలను పెంచి చూపించిందని బయటపడింది. పెత్తనం గైస్‌మన్ చేతికి వచ్చింది. మరుసటి ఏడాదికల్లా వ్యవస్థాపకుడు పక్కకు తప్పుకున్నాడు, 1932లో కన్నుమూశాడు. నిలిచింది ఆ చీలికే. ఇవాళ కైరోలో కొన్న బ్లేడు కాకినాడలో కొన్న రేజరులో కూర్చుంటోందంటే ఆ రాజీ చలవే. చాలా ఏళ్లపాటు ఏ కంపెనీ సెల్‌ఫోను ఛార్జరూ ఇంత పెద్దమనిషి తరహాగా ప్రవర్తించలేదు.

కొలత ఒక్కటైపోయాక, పోటీ ఇక ఉక్కులోనూ ఊరిలోనూ. అప్పుడు ముందుకొచ్చింది కత్తులు చేసే ఊళ్లు కావడం వింతేమీ కాదు. విల్కిన్సన్ సోర్డ్ పేరులోనే కత్తి ఉంది. 1772లో లండన్‌లో తుపాకుల దుకాణంగా మొదలై, తర్వాత సైన్యానికి కత్తులు చేసిన సంస్థ అది. 1960ల మొదట్లో తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చి అమెరికా దిగ్గజానికి ముచ్చెమటలు పట్టించింది. అప్పటిదాకా వచ్చినవి ఎక్కువగా కార్బన్ ఉక్కు బ్లేడ్లు. తడి తుడవకపోతే మర్నాటికి ఎర్రబడేవి. జిలెట్ దగ్గర ఆ విద్య లేక కాదు, పైపూత పేటెంటు వాళ్లదే. కానీ ఎక్కువ రోజులు మన్నే బ్లేడు అమ్మితే అమ్మకాలు తగ్గవూ? ఆ తటపటాయింపులో ఉండగా విల్కిన్సన్ దూసుకుపోయింది. 1963లో గానీ జిలెట్ స్టెయిన్‌లెస్ బ్లేడు బయటికి రాలేదు.

ఇవాళ ఆ లండన్ పేరున్న బ్లేడు పొట్లం వెనక చదివితే జర్మనీ అని ఉంటుంది. ఊరు జోలింగెన్, అదీ శతాబ్దాల నాటి కత్తుల ఊరే. జపాన్‌లో సెకి కూడా అలాంటిదే. ఏడు వందల ఏళ్లకు పైగా సమురాయి ఖడ్గాలు సాగదీసిన ఆ ఊళ్లో 1932లో ఫెదర్ కంపెనీ పుట్టింది. పేరుకు ఈక, పదునులో అందరికంటే ముందున్నదని దానికి పేరు. అలవాటు లేని చేత్తో దాన్ని పట్టుకునేవాడికి తెలిసినవాళ్లు ముందే హెచ్చరిక చెబుతారు.

పేరుకూ ఊరుకూ బంధం పూర్తిగా తెగిపోయింది మాత్రం రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. సోవియట్ యూనియన్ కూలే రోజుల్లో, అక్కడ విమానాల రాడార్లు చేసిన లెనినెట్స్ సంస్థతో కలిసి జిలెట్ ఒక ఫ్యాక్టరీ పెట్టింది. ఆస్ట్రా చెక్ దేశపు పేరు. పోల్‌సిల్వర్ పోలండ్ పేరు. పర్మాషార్ప్ తుర్కియే నుంచి వచ్చింది. ఒక్కో దేశంలో ఒక్కో స్థానిక కంపెనీని కొన్న జిలెట్, జనం నాలుక మీద నిలిచిన పేర్లను అలాగే ఉంచి, ఉత్పత్తిని ఈ ఒక్క కప్పు కిందికి చేర్చింది. బ్లేడ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి 'ఆస్ట్రా గొప్పా, పర్మాషార్ప్ గొప్పా' అని వాదించుకున్నారు. వాళ్లు పోల్చినవి ఒకే ఇంటి అన్నదమ్ములను. దీనికి తిరగేసిన కథ సెవెనోక్లాక్‌ది. పేరు ఒకటే, రష్యాలోనూ చేశారు, మన రాజస్థాన్‌లోని భివాడీలోనూ చేశారు.

మన దేశానికి వస్తే ముందు తలుచుకోవలసింది కోయంబత్తూరు జి.డి. నాయుడు గారిని. తెలుగు మాట్లాడే ఇంట్లో 1893లో పుట్టిన ఈ బస్సుల యజమాని, యంత్రం కనిపిస్తే విప్పి చూడకుండా ఉండలేని మనిషి. రసాంత్ అనే ఎలక్ట్రిక్ రేజరు, అతి పలచటి షేవింగ్ బ్లేడు ఆయన చేసినవాటిలో ఉన్నాయి. బ్లేడు నాయుడు గారి పేరిట ఇంటింటికీ చేరలేదు. ఆ పని చేసింది మల్హోత్రాలు. కోల్‌కతా హర్బన్స్‌లాల్ మల్హోత్రా సంస్థవే అశోక్, పనామా, టోపాజ్. ఠాణేలో తయారైన సూపర్‌మ్యాక్స్ కూడా ఆ కుటుంబానిదే. మా నాన్న తరానికి బ్లేడంటే ఈ పేర్లే. వాడేసిన బ్లేడు ఇంట్లో ఇంకో జీవితం గడిపేది: పెన్సిల్ చెక్కడానికి మాకు, కుట్లు విప్పడానికి అమ్మకు. పెన్సిల్ చెక్కుతూ చూపుడువేలు కోసుకోని పిల్లవాడు మా తరగతిలో లేడు.

1984లో జిలెట్ ఇక్కడి భాగస్వాములతో ఇండియన్ షేవింగ్ ప్రొడక్ట్స్ పేరిట దిగి, భివాడీలో ఫ్యాక్టరీ పెట్టింది. ఇక మన హైదరాబాదుకూ ఈ పటంలో చోటుంది. లేజర్ బ్లేడ్ల కంపెనీ ఇక్కడిదే. సరదా ఏమిటంటే, సరిహద్దు అవతల పాకిస్తాన్‌లో ఇంటింటా వాడే ట్రీట్ బ్లేడు ఫ్యాక్టరీల్లో ఒకటి లాహోరులో ఉంటే, ఇంకొకటి హైదరాబాదులోనే ఉంది. అది సింధు హైదరాబాదు. బిర్యానీ సంగతి ఎలా ఉన్నా, గడ్డం విషయంలో రెండు హైదరాబాదులూ సమానమే.

ఇంతకీ వీటిలో తేడా ఉందా? రేకు దగ్గర చాలా తక్కువ. సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు చుట్టలుగా వస్తుంది, స్వీడన్‌లోని సాండ్‌వికెన్ ఆ ఉక్కుకు పేరుమోసిన ఊరు. చుట్టకు చీలికలు కొట్టి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలోంచి లాగి, వెంటనే సున్నాకు చాలా దిగువకు చల్లారుస్తారు. ఆ తర్వాతే అసలు తేడా మొదలవుతుంది: సానరాళ్లు ఏ కోణంలో పట్టారు, వాదర మీద క్రోమియమో ప్లాటినమో ఎంత పలచగా పూశారు, దానిపైన టెఫ్లాన్ ఎంత వేశారు. దోసె పెనం మీది టెఫ్లానే. అది లేకపోతే ఎంత పదునున్నా వెంట్రుకను పట్టి లాగుతుంది. కొత్త బ్లేడు మొదటి గీతకంటే రెండో రోజు హాయిగా అనిపించడానికి కారణం కూడా ఆ పూత కొంత అరిగి సర్దుకోవడమేనని నా అనుమానం.

వెంట్రుక కంటే ఉక్కు 50 రెట్లు గట్టిది. అయినా బ్లేడే ఎందుకు ఓడుతుంది? ఎం.ఐ.టి. పరిశోధకుడు జానల్లూకా రోషియోలీ తన గడ్డమే గీసుకుంటూ, ప్రతిసారీ బ్లేడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశాడు. 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఫలితం ఇది: వాదర నెమ్మదిగా అరిగిపోవడం కాదు, చిన్న చిన్న పెచ్చులుగా లేచిపోతోంది. ఉక్కు లోపలి అమరిక అంతటా ఒకేలా లేని చోట, వెంట్రుక ఏటవాలుగా తగిలితే చాలు, పెచ్చు ఊడుతుంది.

నేను ఓ నెలపాటు నాలుగు దేశాల బ్లేడ్లు తెచ్చి, వారానికొకటి వాడి చూశాను. కాగితాలు తీసేసి, మా ఆవిడ చేత అంకెలు వేయించి, ఏది ఏదో తెలియకుండా. నాలుగో వారం చివర నేను రాసుకున్న మార్కులు చూస్తే, అన్నిటికంటే ఎక్కువ వచ్చింది ఆదివారాలకు. తొందర లేని రోజు, వేడినీళ్లతో గడ్డం నానిన రోజు, ఏ దేశపు బ్లేడైనా వెన్నలా జారింది. సోమవారం పొద్దున అన్నీ గీరాయి.

సెలూన్లో గడ్డం పని అయింది. పటిక రాసి, తుండుతో తుడిచాడు. పిడిలోంచి సగం బ్లేడు తీసి డబ్బాలో పడేశాడు. నేను లేచేసరికి వెనక ఉన్న పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సెలూన్ అతను అద్దం కింది కాగితం మడత విప్పి, మిగిలిన సగం బయటికి తీశాడు. కాగితం నాకివ్వమని అడిగాను. "ఎందుకు సార్?" అంటూనే చేతిలో పెట్టాడు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. ఊరిపేరు చదవలేకపోయాను.