ముందు చక్రాలా, నాలుగు చక్రాలా? చిన్న బండ్ల పెద్ద చరిత్ర



పోయిన నెల మీటింగు అయినాక, కాఫీ దగ్గర మన పిల్లకాయలు ఇద్దరు గట్టిగా వాదులాడుకున్నారు. ఒకడు గోల్ఫ్ జీటీఐ పక్షం, ఇంకొకడు గోల్ఫ్ ఆర్ పక్షం. రెండూ ఫోక్స్‌వ్యాగన్ బండ్లే, చూడడానికి అక్కచెల్లెళ్ల మాదిరి ఉంటాయి. మొదటిదాన్ని ముందు చక్రాలు లాగుతాయి, రెండోదాన్ని నాలుగు చక్రాలూ నడుపుతాయి. వీటిని హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటారు. సంసారానికి పనికొచ్చే చిన్న కారులో పందెం బండికి తగ్గ ఇంజను పెడితే అదే హాట్ హ్యాచ్.

వాదన ఎటుపోయినా మాకేమీ లేదు. కానీ రెండో పిల్లకాయ మా వైపు తిరిగి, "నాలుగు చక్రాలకూ పవర్ ఉంటే వానలో కొండ దిగినా భయం లేదు పెద్దనాన్నా" అన్నాడు. ఆ మాట మాకు గొంతు దిగలేదు. సగం తెలిసి చెప్పడం కంటే చదివి రాయడం మేలని ఆ రోజు ఊరుకున్నాము. ఇప్పుడు రాస్తున్నాము.

మేము కార్లలో తిరిగినవాళ్లం కాము, రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం. అయినా చక్రానికి పట్టు ఎంత ముఖ్యమో రైలు దగ్గర ఉన్నవాళ్లకు తెలుసు. పాత డబ్ల్యూపీ ఆవిరి ఇంజనుకు 6 ఇరుసులు ఉంటే అందులో 3 మాత్రమే లాగేవి. తర్వాత వచ్చిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనుకు 6 ఇరుసులూ లాగుతాయి. చక్రం మీద బరువు ఉంటేనే పట్టు. పట్టు లేకపోతే ఎంత బలమున్నా చక్రం ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది, డ్రైవరు పట్టాల మీద ఇసుక వదలాల్సి వస్తుంది. కార్ల కథ కూడా ఇదే.

ముందు చక్రాల కథ బ్రిటన్‌లో మినీ కారుతో ఊపందుకుంది. 1956లో సూయజ్ కాలువ గొడవ వచ్చి అక్కడ పెట్రోలు కరువైంది. తక్కువ తాగే చిన్న బండి కావాల్సి వచ్చింది. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టి, శక్తిని ముందు చక్రాలకే ఇచ్చినాడు. 1959లో మినీ వచ్చింది. పొడవు 10 అడుగులు, అందులోనే నలుగురికి చోటు. ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే ఉండడంతో మంచులో కూడా పట్టు దొరికింది. మాంటే కార్లో ర్యాలీని మినీ 1964, 1965, 1967లో గెలిచింది. 1966లోనూ ముందే వచ్చింది కానీ హెడ్‌లైట్ల నిబంధన చూపించి పక్కన పెట్టేసినారు.

1976లో గోల్ఫ్ జీటీఐ అమ్మకానికి వచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, 110 హార్స్‌పవర్. కంపెనీవాళ్లు 5,000 బండ్లు అమ్ముడుపోతే చాలనుకున్నారు. మొదటి తరంలోనే 4 లక్షలకు పైగా పోయినాయి. 1984లో ఫ్రాన్స్ నుంచి పెజో 205 జీటీఐ వచ్చింది. తేలికైన బండి, చురుకైన బండి. అయితే దానికొక గుణం ఉంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు భయపడి కాలు ఒక్కసారి యాక్సిలరేటర్ మీద నుంచి తీస్తే, బరువు ముందుకు పడి వెనక భాగం తేలికై పక్కకు జారుతుంది. తెలిసినవాడికి అది ఆట, తెలియనివాడికి ప్రాణగండం.

మన దేశంలో అంబాసిడర్‌నూ పద్మినినీ వెనక చక్రాలు నెట్టేవి. ముందు చక్రాలు లాగే కారు మన వీధుల్లో మామూలైంది 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినాకే.

ఇక నాలుగు చక్రాల కథ. 1970లలో జర్మనీ సైన్యం కోసం ఇల్టిస్ అనే జీపు తయారైంది. ఆడీ ఇంజనీర్లు ఫిన్లాండ్ మంచులో బండ్లను పరీక్షిస్తుంటే, అంతకంటే బలమైన కార్ల కంటే ఈ జీపు బాగా పోయింది. అదే పద్ధతి కారులో ఎందుకు పెట్టకూడదు అన్నారు. 1980లో ఆడీ క్వాట్రో వచ్చింది. 1981లో మిషెల్ మూటాన్ దాన్ని నడిపి సాన్ రెమో ర్యాలీ గెలిచింది. ప్రపంచ ర్యాలీ పోటీల్లో గెలిచిన మొదటి ఆడమనిషి ఆమె. అయినా 1983లో కంపెనీల టైటిల్‌ను వెనక చక్రాలు నెట్టే లాంచియా 037 ఎగరేసుకుపోయింది. అంటే నాలుగు చక్రాలుంటే చాలు గెలుపు మనదే అని రాసిపెట్టి లేదు. ఆ తర్వాత మాత్రం రెండు చక్రాల బండికి ఆ టైటిల్ మళ్లీ దక్కలేదు.

పెజో కూడా 205 ముఖమే పెట్టి, ఇంజనును మధ్యలోకి మార్చి, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చి టర్బో 16 చేసింది. 1985, 1986 టైటిళ్లు దానివే. పట్టు పెరిగేకొద్దీ అందరూ శక్తి పెంచినారు, శక్తి పెరిగేకొద్దీ వేగం పెరిగింది. 1986 మార్చిలో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు జనం మీదికి దూసుకుపోయి చూడవచ్చినవాళ్లు చనిపోయినారు. మే 2న కోర్సికాలో హెన్రీ టొయివోనెన్, ఆయన పక్కన కూర్చున్న సెర్జియో క్రెస్టో, నాలుగు చక్రాల లాంచియా డెల్టా ఎస్4తో పాటు లోయలో పడి మంటల్లో పోయినారు. గ్రూప్ బీ అనే ఆ తరగతినే ఆ ఏడాదితో ఆపేసినారు.

తర్వాత, మామూలు జనానికి అమ్మే బండితోనే పందెంలోకి రావాలన్నారు, ఏడాదిలో 5,000 చేయాలన్నారు. లాంచియా దగ్గర 1979 నుంచి డెల్టా అనే ముందు చక్రాల సంసారపు కారు ఉంది. దానికి టర్బో, నాలుగు చక్రాల ఏర్పాటు చేర్చినారు. 1987 నుంచి 1992 దాకా వరసగా 6 ఏళ్లు టైటిల్ వాళ్లదే. ఆ డెల్టా ఇంటెగ్రాలేను ఇప్పటికీ దేవుడి విగ్రహం మాదిరి దాచుకునేవాళ్లున్నారు.

ఇప్పటి నాలుగు చక్రాల హ్యాచ్‌లలో చాలావాటి పద్ధతి వేరు. 1990ల చివర వచ్చిన హాల్డెక్స్ క్లచ్ ఉన్న బండి మామూలుగా ముందు చక్రాలతోనే పోతుంది, అవసరమైనప్పుడు వెనక చక్రాలకు శక్తి పంపుతుంది. 2002 గోల్ఫ్ ఆర్32లో ఇదే ఉంది. ఫోర్డ్ ఫోకస్ ఆర్ఎస్ కథ ఇంకా ముచ్చటైనది. 2009లో 305 హార్స్‌పవర్‌ను ముందు చక్రాలకే ఇచ్చి నెగ్గుకొచ్చినారు. 2016లో 350 అయ్యేసరికి నాలుగు చక్రాలకు మారిపోయినారు. హోండా సివిక్ టైప్ ఆర్ మాత్రం 300 దాటినా ముందు చక్రాలతోనే ఉంది.

ఇందులో తేల్చవలసింది ఏముంది? బండి బయలుదేరి వేగం అందుకునేటప్పుడు బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. ముందు చక్రాల బండికి అక్కడ దెబ్బ, తడి రోడ్డు మీద ఇంకా దెబ్బ. పైగా లాగడమూ తిరగడమూ రెండు పనులూ ఆ రెండు టైర్లే చేయాలి. నాలుగు చక్రాల బండికి అక్కడ లాభం. అయితే బరువు, ఖరీదు, ఖర్చు అన్నీ ఎక్కువే. మా లెక్కలో చదునైన తారు రోడ్డుకు జీటీఐ చాలు, మంచుకూ బురదకూ రెండోది.

బ్రేకు తొక్కినప్పుడు మాత్రం ఇద్దరూ సమానమే. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆపేది టైరు. గూడ్సు బండినే చూడండి, లాగేది ఇంజను, ఆపేది పెట్టెలన్నింటి బ్రేకులు. ఇంజను ఎంత గట్టిదైనా పెట్టెల బ్రేకు సరిగ్గా లేకుంటే గార్డు బండి కదలనివ్వడు. నాలుగు చక్రాల బండి తడి రోడ్డు మీద కూడా జారకుండా వేగం అందుకుంటుంది కాబట్టి నడిపేవాడికి రోడ్డు ఎంత జారుతోందో తెలియదు. ఆ తెలియకపోవడమే అపాయం.

కొల్లిమలై రోడ్డులో 70 కొండై ఊసి మలుపులున్నాయి. వానలో దిగేటప్పుడు అక్కడ శక్తి ఎన్ని చక్రాలకు పోతోందన్నది లెక్కలోకి రాదు నాయనా. టైరులో గాడి ఎంత మిగిలిందో చూసుకో, కింది గేరులో దిగు, మలుపుకు ముందే వేగం తగ్గించు.

వచ్చే మీటింగుకు మీరిద్దరూ రావాలి. కాఫీ మా ఖర్చు.