ఆకాశమున స్వరము – గడపయొద్ద సహోదరుడు

శతవార్షికోత్సవ సంచికలలో మిషనెరీల పేర్లు, దేవాలయములు కట్టిన సంవత్సరములు వ్రాయుట మన వాడుక. అవి వ్రాయవలసినవే. అయితే సువార్త మన ఇండ్లలోనికి వచ్చిన మార్గములలో రేడియో కూడ ఒకటి. ఆ రేడియో చరిత్రలో కథోలిక సహోదరులు చేసిన పనినిగూర్చి మన సంఘములలో అంతగా తెలియదు. అందులో మనము నేర్చుకొనవలసినది యున్నది.

మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతము 2022 వరకు కృష్ణా జిల్లాలోనిది, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. ఇక్కడివారికి దగ్గరి రేడియో కేంద్రము విజయవాడ ఆకాశవాణి. అది 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. ఆ కాలమున మన దేశములో ప్రసారములు ప్రభుత్వము చేతిలోనే యుండెను. ఏ సంఘమునకును సొంత కేంద్రము పెట్టుకొను వీలు లేకుండెను. అందుచేత క్రైస్తవ ప్రసారములు షార్ట్ వేవ్ మీద సముద్రము దాటి రావలసి వచ్చెను.

కథోలిక సంఘము ఈ సాధనమును ముందే గుర్తించెను. 1931 ఫిబ్రవరి 12న పదకొండవ పయస్ పోపు వాటికన్ రేడియోను ప్రారంభించిరి. దానిని నిర్మించినవాడు మార్కోనీయే. 1963లో రెండవ వాటికన్ మహాసభ ప్రసార సాధనములనుగూర్చి ప్రత్యేకముగా ఒక పత్రము వెలువరించెను. 1968లో సికింద్రాబాదున అమృతవాణి ఏర్పడెను. 1969లో ఫిలిప్పీన్సులో రేడియో వెరితాస్ ప్రారంభమాయెను. తరువాత అక్కడనుండి తెలుగు కార్యక్రమములు కూడ వచ్చెను. ప్రొటెస్టెంటుల పక్షమున ఫీబా రేడియో 1970లో సీషెల్సు ద్వీపములనుండి ప్రసారములు ఆరంభించెను.

రేడియో వట్టి మాటలతో నడువదు. యంత్రములు, విద్యుత్తు, జీతములు కావలెను. ఇక్కడ కథోలిక సామాన్య విశ్వాసుల సహోదర సంఘములు ముందుకు వచ్చెను. వాటిలో పెద్దది నైట్స్ ఆఫ్ కొలంబస్. 1882లో అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణమున మైకేల్ మెక్‌గివ్నీ అను ముప్పది యేండ్లు నిండని పాదిరి దానిని స్థాపించెను. ఇంటి యజమాని చనిపోయిన యెడల అతని భార్యాబిడ్డలు వీధిపాలు కాకూడదని సభ్యులందరు కలిసి డబ్బు వేసికొనుట దాని మొదటి పని. తొంబది యేండ్ల పిమ్మట, 1975 మొదలుకొని, ఈ సంఘమే వాటికన్ కార్యక్రమములు ఉపగ్రహము ద్వారా లోకమంతట చేరుటకు ఖర్చు భరించెను. వరుస గమనింపుడి: ముందు విధవరాలి ఇంటి పొయ్యి, తరువాత ప్రసార యంత్రము.

దీనికంటె పాతది సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘము. 1833లో పారిస్ నగరమున విద్యార్థుల చర్చాసభలో ఒకడు, "మీ మతము పూర్వము గొప్ప పనులు చేసినది సరే, ఇప్పుడు మీరేమి చేయుచున్నారు?" అని నిలదీసెను. ఇరువది యేండ్ల ఫ్రెడరిక్ ఓజనాం వాదించి ఊరకుండలేదు. స్నేహితులతో కలిసి బీదల ఇండ్లకు వెళ్ళెను. ఇంటింటికి వెళ్ళి పలుకరించుట నేటికిని ఆ సంఘమునకు ప్రధాన నియమము. ఇట్టి సంఘములో చేరిన రేడియో ప్రసంగికునికి రెండు పనులుండును. మైకు ముందు వేలమందితో మాటలాడవలెను. మైకు కట్టిన తరువాత ఒకే గడప ఎక్కవలెను.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. నందిగామ సమీపమున రాఘవాపురములో పగోలు వెంకయ్యగారు మిషనెరీలను ఎరుగక మునుపే నిజదేవుని వెదకుచుండిరి. 1859లో డార్లింగు దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. తరువాత తాను కనుగొనిన దేవునిగూర్చి తనవారికి చెప్పుచు పల్లెలు తిరిగిరి. ఆనాడు రేడియో లేదు. ఆయన కాళ్ళే ప్రసార కేంద్రము.

ఫీబావారి సీషెల్సు కేంద్రము 2003లో ఆగిపోయెను. రేడియో వెరితాస్ షార్ట్ వేవ్ ప్రసారము 2018 జూన్ 30తో ముగిసి ఇంటర్నెట్టుకు మారెను. నేడు ప్రసంగము సెల్‌ఫోనులోనికి వచ్చినది. మంచిదే. కాని ఫోనులో ప్రసంగము వినుచున్న అవ్వ మూడు వారములుగా మంచము పట్టినదని ఆ ప్రసంగికునికి తెలియదు. మనకైనను తెలియకపోయిన యెడల ఆమెకు సంఘమున్నట్టా, లేనట్టా?

ఈ నూరేండ్ల పండుగకు గుర్తుగా ప్రతి సంఘములోను ఇద్దరిద్దరుగా పెద్దలు ఏర్పడి, విధవరాండ్ర, రోగుల, ఒంటరి వృద్ధుల పేర్లు వ్రాసికొని వారము వారము దర్శించిన ఎంత మేలు! యాకోబు పత్రిక 1:27 మరల చదువుడి. యంత్రములు మారుచుండును. గడపయొద్ద నిలిచిన సహోదరుని స్వరమునకు బదులు మరియొకటి లేదు. అట్టి సేవకు ప్రభువు మనలను బలపరచును గాక.