రెల్లు పూయకముందే గీసుకున్న సినిమా

1952 అక్టోబరు 27. బెంగాల్లోని పల్సిట్ దగ్గర రైలు పట్టాల పక్కన రెల్లు తెల్లగా విరగబూసి ఉంది. ‘పథేర్ పాంచాలీ’ తొలి షాట్లు తీయడానికి సత్యజిత్ రాయ్ బృందం అక్కడ దిగింది. కలకత్తాలో ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగం ఆయనది. అంతకుముందు ఒక్క సినిమా తీసింది లేదు. కెమెరామన్ సుబ్రత మిత్రకూ సినిమా కెమెరా కొత్తే. ఇవాళ కాలేజీ పిల్లలు పొట్టి సినిమా తీయబోయే పరిస్థితి అచ్చంగా ఇదే: అనుభవం లేదు, డబ్బు లేదు, దొరికేవి సెలవు రోజులే.

రాయ్ దగ్గర పద్ధతిగా రాసిన స్క్రిప్టు కూడా లేదు. ఉన్నదల్లా నల్లసిరాతో, కుంచెతో వేసిన బొమ్మల పుస్తకం. నిర్మాతల చుట్టూ తిరిగినప్పుడు దాన్నే తెరిచి చూపించేవారు. వాళ్లు అలాంటిది ఎన్నడూ చూడలేదు, డబ్బూ పెట్టలేదు.

ఇలా ముందే బొమ్మలు వేసుకోవడం రాయ్‌తో మొదలైంది కాదు. కథను వరసబొమ్మలుగా గోడకు గుచ్చి చూసుకోవడం 1930ల మొదట్లో డిస్నీ స్టూడియోలో స్థిరపడింది. యానిమేషన్‌లో పనికిరాని బొమ్మ గీస్తే వారాల శ్రమ వృథా. అందుకే తప్పులన్నీ ముందుగా కాగితం మీదే చేసేయాలనుకున్నారు. పొట్టి సినిమాకూ ఇదే లెక్క. తెర ఆకారంలో ఒక గడి గీసి, అందులో మనిషి ఎంత కనిపిస్తాడో, ఎటు చూస్తున్నాడో గీస్తే చాలు. పుల్లల మనుషులైనా ఫరవాలేదు. మాట్లాడుకునే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు వస్తే ఆ పొరపాటు అక్కడే దొరికిపోతుంది. ఒకే దిక్కుకు కెమెరా పెట్టే షాట్లన్నీ ఒకచోట చేర్చి తీసుకుంటే పూట మిగులుతుంది. అరువు కెమెరాతో తీసేవాళ్లకు పూట అంటే చిన్న విషయం కాదు.

తెలుగులో ఈ విద్యకు ఉదాహరణ బాపు. పత్రికల్లో బొమ్మలు, కార్టూన్లు గీసిన ఆ చెయ్యే 1967లో ‘సాక్షి’తో సినిమాలోకి వచ్చింది. షాట్లను ముందే బొమ్మలుగా వేసుకోవడం ఆయనకు అలవాటుగా ఉండేది. ఆయన ఫ్రేములో మనుషులు నిలబడే తీరు చూస్తే కుంచె పట్టిన చెయ్యి తెలిసిపోతుంది.

అయితే పల్సిట్‌లో ఆ రోజు మరో పాఠం కూడా ఉంది. కథలోని చిన్నారి అపు తన అక్కను వెతుకుతూ రెల్లులో నడవాలి. బొమ్మలో సులువే, సుబీర్ బెనర్జీ అనే ఆ పిల్లవాడి నడక మాత్రం బిగుసుకుపోయింది. రాయ్ దారిలో అక్కడక్కడా పుల్లలు పడేయించారు, దాటుకుంటూ రావాలని. రెల్లులో మనుషుల్ని దాచి అటొకరు ఇటొకరు పిలిచేలా చేశారు. పిల్లవాడు ఆగాడు, తల తిప్పాడు, మళ్లీ నడిచాడు. కెమెరా ఎక్కడ పెట్టాలన్న తర్జనభర్జనలో పడి ఉంటే ఈ ఉపాయానికి తీరిక ఉండేదా అనిపిస్తుంది నాకు.

మరుసటి వారం మిగిలిన షాట్ల కోసం వెళితే రెల్లుపూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్లీ పూత వచ్చేదాకా ఏడాది ఆగి, ఆ దృశ్యం పూర్తి చేశారు. ఆ బొమ్మల పుస్తకాన్ని రాయ్ తర్వాత పారిస్‌లోని సినిమా భాండాగారం సినిమాథెక్ ఫ్రాన్సేజ్‌కు ఇచ్చారు.