రాని భాషకు రాణి

1992. మెక్సికోలోని మోంటెర్రే నగరం. గదినిండా విలేకరులు. రాబోయేది ఇరవై దాటీ దాటని గాయని. రికార్డు కంపెనీ వాళ్ల గుండెలు పీచుపీచుమంటున్నాయి. ఆ పిల్ల పాడేదంతా స్పానిష్‌లో. మాట్లాడమంటే మాత్రం తడబాటే. టెక్సస్ నుంచి వచ్చే మెక్సికన్ సంతతి పాటగాళ్లంటే అసలే అక్కడి వాళ్లకు చిన్నచూపు. ఒక్క మాట తప్పు దొర్లినా రేపు పత్రికల్లో చాకిరేవు పెట్టేస్తారు.

సెలీనా క్వింటనియా లోపలికొచ్చింది. కుర్చీ వైపు వెళ్లలేదు. ఒక్కొక్క విలేకరి దగ్గరికీ వెళ్లి ఆత్మీయంగా కావలించుకుంది. ఆ తర్వాతే మాటలు. వచ్చీ రాని స్పానిష్, మధ్యమధ్య పకపకా నవ్వు. వేళాకోళం చేస్తారనుకున్న పత్రికలే ఆమెను జనం మనిషిగా రాశాయి.

ఆ తడబాటు వెనక ఓ తండ్రి కథ ఉంది.

1950ల చివర అబ్రహాం క్వింటనియా కుర్రాడు. లాస్ డీనోస్ అనే బృందంలో ఇంగ్లీషు పాటలు పాడేవాడు. తెల్లవాళ్ల క్లబ్బులకు వీళ్ల మొహాలు నచ్చలేదు. మెక్సికన్ జనానికేమో వీళ్ల ఇంగ్లీషు నచ్చలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు. బృందం వదిలి, పెళ్లాం పిల్లలతో లేక్ జాక్సన్ ఊళ్లో డౌ కెమికల్ కంపెనీ కొలువులో కుదురుకున్నాడు. ఓ రోజు కొడుకు ఎ.బి.కి గిటార్ నేర్పిస్తుంటే చిన్న కూతురు వచ్చి గొంతు కలిపింది. 1971 ఏప్రిల్ 16న పుట్టిన పిల్ల, అప్పటికి ఆరేళ్లుంటాయేమో. శ్రుతి ఎక్కడా తప్పలేదు. ఆరిపోయిందనుకున్న కుంపటి మళ్లీ రాజుకుంది.

ఎ.బి. చేతికి బేస్ గిటార్ వచ్చింది. పెద్ద కూతురు సుజెట్ మొదట మొరాయించినా డ్రమ్స్ ముందు కూర్చోక తప్పలేదు. 1980లో తండ్రి పాపగాయోస్ అని హోటల్ తెరిచాడు. తినడానికి వచ్చినవాళ్ల ముందు పిల్లలు పాడేవారు. ఆర్థిక మాంద్యం ఆ హోటల్‌ను మింగేసింది. ఇల్లు పోయింది. మూటాముల్లె సర్దుకుని కార్పస్ క్రిస్టి చేరారు. ఇక పాటే కూడు. పెళ్లిళ్లు, జాతర్లు, వీధి మూలలు, ఆడపిల్లకు పదిహేనో ఏట చేసే క్విన్సెఅన్యేరా వేడుకలు (మన ఓణీల ఫంక్షన్ అనుకోండి). పిలిస్తే చాలు, బండి కట్టేవారు. 'బిగ్ బెర్తా' అని ముద్దుపేరు పెట్టుకున్న పాత బస్సే వాళ్లకు ఇల్లు.

టెక్సస్ మెక్సికన్లను టెహానోలంటారు. వాళ్ల సంగీతంలో మెక్సికో రాంచేరా ఉంది, కొలంబియా నుంచి వచ్చిన కుంబియా ఉంది, జర్మన్, చెక్ వలస రైతులు తెచ్చిన పోల్కా, అకార్డియన్ ఉన్నాయి. ఇంగ్లీషు పాటతో తాను తిన్న దెబ్బ కూతురికి తగలకూడదనుకున్నాడు అబ్రహాం. అందుకే స్పానిష్ పట్టించాడు. తండ్రి ఒక మాట పలికితే కూతురు దాన్ని అప్పగించాలి. అర్థం తర్వాత, ముందు నాలుక తిరగాలి. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో తెలుగు రాని గాయకులు పాటను తమ లిపిలో రాసుకుని పాడటం మనమెరిగిందే. వాళ్లు పాడేసి ఇంటికి వెళ్లిపోతారు. సెలీనాకు ఆ వెసులుబాటు లేదు. అది తన ఇంటి భాషే, తన దాకా వచ్చేసరికి జారిపోయింది.

ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. అంత తెలివైన పిల్లను! ఈ ఒక్క సంగతీ నాకు మింగుడు పడదు. బస్సులోనే చదువుకుని, ఉత్తరాల ద్వారా పాఠాలు తెప్పించుకుని 1989లో హైస్కూలు గట్టెక్కింది. మగవాళ్ల రాజ్యమైన ఆ రంగంలో అప్పటికే ఏటా ఉత్తమ గాయనిగా టెహానో అవార్డులు ఆమెవే. ఆ ఏడాదే ఈఎంఐ లాటిన్ కంపెనీ అధికారి హోసే బెహార్ ఒప్పందం రాయించుకున్నాడు. సెలీనా కోరిక ఒక్కటే, ఇంగ్లీషు ఆల్బమ్. ఆమె కలలు కనే భాష అదే మరి. ముందు స్పానిష్‌లో నిలదొక్కుకోవాలంది కంపెనీ.

నిలదొక్కుకుంది. 1992లో అన్న ఎ.బి. కూడా చేయివేసి రాసిన 'కోమో లా ఫ్లోర్' పాట మార్మోగిపోయింది. అదే ఏడు బృందంలోని గిటారిస్టు క్రిస్ పెరెజ్‌ను తండ్రికి చెప్పకుండా పెళ్లాడింది. 1994లో గ్రామీ వచ్చింది. తను గీసిన దుస్తులతో సొంత బుటీక్ తెరిచింది.

1995 ఫిబ్రవరి 26, హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్. అరవై వేలకు పైగా జనం. గుర్రపు బగ్గీలో చుట్టూ తిరిగి చేతులూపుతూ వచ్చింది. ఒంటికి అతుక్కున్న వంకాయరంగు దుస్తులు, తనే గీసుకున్నవి. మైకు అందుకుని మొదట ఎత్తుకున్నది టెహానో పాట కాదు. ఒకనాటి ఇంగ్లీషు డిస్కో పాటలు. వరసపెట్టి పాడేసింది. తన తండ్రిని ఏ భాష పాటలకు కాదన్నారో ఆ భాషలోనే.

నెల తిరిగింది. మార్చి 31న కార్పస్ క్రిస్టిలో ఒక మోటెల్ గదిలో, అభిమాన సంఘాన్నీ బుటీక్‌నీ నడిపిన మనిషే ఆమెను కాల్చేసింది. ఇంకో పదహారు రోజులుంటే ఇరవై నాలుగు నిండేవి.

జూలైలో 'డ్రీమింగ్ ఆఫ్ యూ' ఆల్బమ్ వచ్చింది. వస్తూనే అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం. ఎన్నేళ్లుగానో అడిగిన ఇంగ్లీషు ఆల్బమ్ అదే. అప్పటికి ఆమె ఇంగ్లీషులో పాడిపెట్టినవి గుప్పెడు పాటలే. మిగతా జాగాను పాత స్పానిష్ పాటలతో నింపారు.