వడిగల చిన్న మోటారు బండ్లు: వాని చరిత్రము, వాని పోషణము



నేడు నేను ముచ్చటింపదలచినది మోటారు బండ్ల చరిత్రములో నొక చిన్న శాఖ. ఆకారమున చిన్నవై, బరువున తేలికయై, వడికి పేరొందిన పాత బండ్లను గూర్చి చెప్పెదను. వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు బాట మా వర్ధన్నపేట మీదుగా సాగును. ఎడ్లబండి మొదలు నేటి కారువరకు ఆ బాటపై నడచిన వాహనముల వరుసయే యొక చరిత్రగ్రంథము. నైజాము రాజ్యమున రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932వ సంవత్సరమున 27 బస్సులతో ఆరంభమైనది. ఆనాడు సొంత మోటారు ప్రభువులకును, గొప్ప దేశముఖులకును మాత్రమే లభ్యము. నేడో, రైతు వాకిటి చింతచెట్టు నీడను సైతము పాత కారొకటి నిలిచియుండుట వింత కాదు.

అట్టి బండిని ఇనుప సామానుల వర్తకున కమ్మవలెనా, బాగుచేయించి నిలుపుకొనవలెనా? పట్టణమునందున్న కుమారుడు పాత వేగపు బండిని చౌకగా కొని తెచ్చినచో మెచ్చవలెనా, మందలింపవలెనా? ఈ ప్రశ్నలు అనేక గృహములలో వినవచ్చుచున్నవి. వీనికి ఉత్తరము చెప్పుటకు చరిత్రము కొంత తోడ్పడును.

మొదట పేళ్లను విచారింతము. ఈ జాతి బండ్లు రెండు తెగలు. ఒకటి కూపే, రెండవది హ్యాచ్‌బ్యాక్. కూపే యనునది ఫ్రెంచి పదము. ‘కోయబడినది’ అని దాని యర్థము. గుఱ్ఱపు బగ్గీలలో ఎదురెదురుగా రెండు పీటలుండెడివి. ముందరి పీటను కోసివేసి, ఇద్దరు మాత్రము కూర్చుండునట్లు పొట్టిగా చేసిన బగ్గీకి ఆ పేరు వచ్చెను. గుఱ్ఱములు పోయినను పేరు నిలిచి, రెండు తలుపులును, వాలిన పైకప్పును గల మోటారునకు సంక్రమించినది. హ్యాచ్‌బ్యాక్ అనగా వెనుకభాగమంతయు నొకే తలుపై పైకి లేచునది. దీని పుట్టుక విలాసమునకు గాక వ్యాపారమునకు సంబంధించినది. ఫ్రాన్సు దేశమున సిట్రోయెన్ సంస్థవారు 1938లో వర్తకుల కొఱకు వెనుక తలుపు గల బండిని చేసిరి. 1961లో రెనో 4 అను బండి ఆ పద్ధతిని పల్లెటూళ్లకును గొనిపోయెను. కావున హ్యాచ్‌బ్యాక్ జన్మతః మూటలు మోయు బండియే గాని పరుగుపందెముల బండి కాదు.

మఱి వడి యెట్లు వచ్చెను? 1956లో సూయజ్ కాలువ తగాదా వలన ఇంగ్లండులో పెట్రోలునకు కఱవు వచ్చెను. కొంచెము తైలముతో నడచు బండి కావలసి, అలెక్ ఇసిగోనిస్ అను శిల్పి 1959లో మినీ యను బండిని నిర్మించెను. దాని పొడవు సుమారు 10 అడుగులు. ఎంజినును అడ్డముగా నిలిపి, ముందు చక్రములను త్రిప్పించుటచేత, అంత చిన్న బండిలో నలుగురు కూర్చుండ వీలయ్యెను. పందెపు బండ్లు చేయు జాన్ కూపర్ దానిని చూచి, దాని బిగువునకు మెచ్చి, 1961లో మినీ కూపర్‌ను వెలువరింపజేసెను. ఇందు గమనింపదగిన విశేష మొకటి గలదు. ఆయన ఎంజిను బలమును పెంచి ఊరకుండలేదు. ముందు చక్రములకు డిస్కు బ్రేకులను కూడ అమర్పించెను. ఆ చిన్న బండి 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీ కార్లో పందెమున తనకంటె పెద్దబండ్ల నోడించి గెలిచెను. పిదప జర్మనీలో వోక్స్‌వ్యాగన్ వారు 1976లో గోల్ఫ్ జీటీఐ యను హ్యాచ్‌బ్యాక్‌ను అమ్మకమునకు తెచ్చిరి. దాని శక్తి 110 గుఱ్ఱములు. బరువు సుమారు 810 కిలోలు. మొదట 5,000 బండ్లు చేసిన చాలునని తలచిరి. జనులు లక్షలుగా కొనిరి.

ఇక మన దేశమునకు వత్తము. మదరాసులో స్టాండర్డ్ సంస్థవారు 1961 మొదలు హెరాల్డ్ అను బండిని చేసిరి. ఇది ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డ్. ఇటలీ దేశీయుడగు మికెలోట్టి దీని రూపమును గీసెను. ఇంగ్లండులో దీనికి కూపే రూపము కూడ నుండెను. ఎంజిను 948 సీసీ. ముందరి మూతయంతయు నొక్కమాఱుగా ముందునకు వాలును గావున మేస్త్రీ చక్రముపై కూర్చుండి పనిచేయగలడు. ఇంత సుగమమైన బండి నేటికిని అరుదు. 1982లో బెంగుళూరున సిపానీ వారు డాల్ఫిన్‌ను తెచ్చిరి; 848 సీసీ, రెండు తలుపులు, గాజునార దేహము. దేహమునకు తుప్పు పట్టదు, బరువు లేదు; కాని జనులకు దానియందు నమ్మకము కుదురలేదు. మరుసటి యేడు, 1983 డిసెంబరులో, మారుతి 800 వచ్చి దేశమునంతయు ఆక్రమించెను. 796 సీసీ, మూడు సిలిండర్లు గల ఆ బండి 2014 వఱకు తయారైనది. 1993లో వచ్చిన జెన్ అల్యూమినియము ఎంజినుతో, 993 సీసీతో, 50 గుఱ్ఱముల శక్తితో యువకుల మనస్సు దోచుకొనెను. 2001లో ఫియట్ పాలియో వచ్చెను, అందు 1.6 లీటరు ఎంజిను గలది 100 గుఱ్ఱముల శక్తి గలది.

వీనిని పోల్చునప్పుడు గుఱ్ఱముల సంఖ్యను మాత్రము చూచుట పొరపాటు. శక్తిని బరువుతో భాగింపవలెను. జెన్ బరువు సుమారు 730 కిలోలు. అనగా టన్నునకు 68 గుఱ్ఱములు. గోల్ఫ్ జీటీఐకి టన్నునకు 135 గుఱ్ఱములు. కృశించిన కోడె, బలిసిన ఎద్దుకంటె ముందు పరుగెత్తుట మీరెఱిగినదే. పాలియో బరువైనది, బాటపై స్థిరముగా నిలుచును, కాని పెట్రోలు మెండుగా త్రాగును. జెన్ తేలికయైనది, మలుపులలో చురుకైనది, మరమ్మతు సులభము. హెరాల్డ్ వడిలో వెనుకబడును గాని ఇనుప చట్రముపై దేహమును బిగించిన బండి యగుటచే, ఒక భాగము చెడిన ఆ భాగమునే మార్చవచ్చును.

పోషణమును గూర్చి నాలుగు మాటలు. పాత బండి పరుగెత్తి చెడుటకంటె నిలిచి చెడుట యెక్కువ. నిలిచియున్న బండిలో పెట్రోలు జిగురగును, బ్యాటరీ చచ్చును, ఎలుకలు తీగలు కొఱుకును. కావున వారమున కొకమాఱైనను ఎంజిను బాగుగా వేడెక్కువఱకు నడుపవలెను. వానకాలమున నల్లరేగడి బురద అడుగుభాగమున నంటి తుప్పునకు కారణమగును. పైభాగమును తుడుచుటకు ముందు అడుగును కడుగవలెను. 2000 సంవత్సరమున దేశమంతట సీసము లేని పెట్రోలు వచ్చెను. పూర్వపు ఎంజినులలో సీసమే వాల్వుల పీటలను కాపాడుచుండెను. హెరాల్డ్ వంటి బండికి గట్టి పీటలు వేయించుట మేలు. నేటి పెట్రోలున 20 పాళ్లు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను పాడుచేయును, తేమను పీల్చును. గొట్టములను మార్పించి, ట్యాంకును నిలువ పెట్రోలుతో నుంచక వాడుచుండవలెను. జెన్ ఎంజినున టైమింగు పట్టీని గడువున మార్పవలెను. తెగిన బండి నడిబాటలో నిలుచును. బ్రేకు నూనె కూడ తేమను పీల్చునదే. రెండేండ్ల కొకమాఱు మార్పవలెను. టైరుపై నాలుగంకెలు ముద్రింపబడియుండును: ‘2319’ అనిన 2019వ సంవత్సరపు 23వ వారము. గీతలు అరుగకున్నను ఆఱేండ్లు దాటిన టైరు ఎండి గట్టిపడును, దానిని నమ్మరాదు.

ఇప్పుడు ముఖ్యవిషయము. మన యువకులు పాత జెన్‌ను కొని, మొదట ఎంజినుపై ధనము వెచ్చింతురు. జాన్ కూపర్ చేసిన పనిలో సగమే వారు నేర్చిరి. వడి రెట్టింపయినచో నిలుచుటకు కావలసిన దూరము నాలుగు రెట్లగును. 40 కిలోమీటర్ల వడిలో పది గజములలో ఆగు బండి 80 వడిలో నలువది గజములు పోవును. వడ్లు ఆరబోసిన బాటపై, సాయంకాలము గేదెలు మఱలివచ్చు వేళ, ఆ ముప్పది గజములే ప్రాణము. మన దేశమున బ్రేకులు బిగిసి చక్రము జారకుండ చేయు ఏబీఎస్ పద్ధతి, చోదకుని గాలిసంచి క్రొత్త కార్లకు 2019లోనే తప్పనిసరి యయ్యెను. పాత బండ్లలో నవి లేవు. ఎద్దునకు ముకుతాడు ముందు, మువ్వలు తరువాత. అట్లే బ్రేకులు, టైర్లు, స్టీరింగు ముందు బాగుచేయించి, తరువాతనే ఎంజినును ముట్టవలెను. ఎంజినును గాని చట్రమును గాని మార్చినచో రిజిస్ట్రేషను అధికారి యనుమతి యవసరము.

శాసనము సంగతి యిది: సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు చెల్లును, పిదప పరీక్ష చేయించి అయిదేసి యేండ్లకు పొడిగింపవచ్చును. 50 ఏండ్లు దాటి, మూలరూపమున నున్న బండికి 2021 నియమముల ననుసరించి పురాతన వాహనమని ప్రత్యేక సంఖ్య లభించును. దానిని నిత్యము వాడరాదు. బండి సంఖ్యయు చరిత్రమే. మన జిల్లా పాతబండిపై నున్న ‘ఏపీ 36’ ఉమ్మడి రాష్ట్రమునాటిది. 2014లో టీఎస్, 2024లో టీజీ వచ్చెను.

కావున నా యభిప్రాయము: చట్రము తుప్పుపట్టి చిల్లులు పడినచో మమకారము మాని అమ్మివేయుడు, ఆ బండి మనుష్యుని కాపాడజాలదు. చట్రము గట్టిగా నుండి, విడిభాగములు దొరకుచు, ఆ బండి మర్మమెఱిగిన మేస్త్రీ యొకడు దగ్గఱ నున్నచో నిలుపుకొనుడు. కార్బ్యురేటరును చెవితో విని సరిచేయగల వృద్ధ మేస్త్రీలు తగ్గిపోవుచున్నారు. పాతబండి గల యువకుని అట్టి వానియొద్దకు పంపి, ప్రక్కన నిలిచి పని నేర్చుకొమ్మనుడు. బండి కొన్నాళ్లకు పోయినను ఆ విద్య నిలుచును. వడిని ద్వేషింపవలదు, ఆపుట నేర్చినవానికే వడి నీయవలెను. ఈ మాటను మీ యిండ్లలోని యువకులకు చెప్పుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.