వెలుతురుతో బ్రతికే ఆల్చిప్ప

పారిస్ నగరంలోని సెయింట్ సుల్పీస్ దేవాలయంలో ప్రవేశించే భక్తులకు పవిత్రజలాన్ని అందించేవి రెండు బ్రహ్మాండమైన ఆల్చిప్పలు. వెనిస్ రాజ్యం ఫ్రాన్సు ప్రభువైన మొదటి ఫ్రాన్సిస్‌కు వానిని కానుకగా పంపింది. యూరపు ప్రజలు చాలకాలం ఈ ప్రాణిని చిప్పను బట్టియే ఎరుగుదురు. లోపలి జీవాన్ని గూర్చి వారు చెప్పుకొన్నది, అది మునిగినవారి కాలు పట్టి చంపుతుందన్న కట్టుకథ.

ట్రైడాక్నా అనే ఈ కుటుంబంలో అన్నిటికంటె పెద్దజాతి నాలుగడుగులకు మించి, రెండువందల కిలోగ్రాముల బరువుకు పైగా పెరుగుతుంది. పోషక పదార్థాలు అంతంతమాత్రంగా ఉండే పగడపు దిబ్బల నీటిలో ఇంత దేహానికి ఆహారమెక్కడిది? 1928-29 సంవత్సరాలలో ఆస్ట్రేలియా తీరాన లో ఐల్స్ దీవులలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల బృందానికి నాయకత్వం వహించిన మారిస్ యంగ్ ఈ ప్రశ్నను పట్టుకొన్నాడు. చిప్ప అంచున ఎండకు పరచుకొనే రంగురంగుల కండపొరలో సూక్ష్మమైన నాచుకణాలు కాపురముంటున్నవి. ఆల్చిప్ప వానిని సేద్యం చేసి జీర్ణించుకొంటున్నదని యంగ్ తలచాడు. ఆ కణాలు ఎండలో తయారుచేసిన చక్కెరలను దానికి సజీవంగానే అందిస్తున్నవని తరువాతివారు తేల్చారు. మేత వేయకయే పెంచదగిన ప్రాణి ఇది!

ఇంతలో ఆపద వచ్చిపడింది. 1960, 1970 దశకాలలో తైవాన్ పడవలు పసిఫిక్ దీవుల దిబ్బలమీద తిరిగి, చిప్పను మూసే కండను మాత్రం కోసుకొని తక్కినది పారవేసి పోయేవి. ఫిజీ, గువామ్ ప్రాంతాలలో పెద్దజాతి అంతరించింది. ఈ నేపథ్యంలో పలావ్ దీవులలోని సముద్రజీవ కేంద్రంలో జెరాల్డ్ హెస్లింగా, ఆయన సహచరులు వేలసంఖ్యలో పిల్లలను పెంచే పద్ధతిని కుదిర్చి 1984లో ప్రకటించారు.

ఆ పద్ధతి వినడానికి సులభమే. పెరిగిన ఆల్చిప్ప ఉభయలింగజీవి. మొదట వీర్యాన్ని, పిమ్మట అండాలను నీటిలో విడుస్తుంది. పెద్దజాతి ఒక్క విడతలో కోట్లకొలది అండాలను విడుస్తుంది. పెంపకందారు అండాలను వేరుపాత్రలో పట్టి, మరొక ఆల్చిప్ప వీర్యాన్ని కొద్దిగా కలుపుతాడు. పుట్టిన డింభకాలు వారం పదిరోజులు తేలియాడి అడుగుకు చేరుతవి. తల్లినుండి వానికి నాచు సంక్రమించదు, నీటిలోనుండి మ్రింగవలసినదే. అందుచేత పెద్ద ఆల్చిప్ప కండపొరనుండి తీసిన నాచును తొట్టెలో కలుపుతారు. ఇంత చేసినా నూటికి ఒక్కటైనా మిగలదు.

ఇంటిలో గాజుతొట్టె పెట్టుకొన్న వేడుకకాండ్రు తడబడేది ఇక్కడనే. ఒక సాయంకాలం ఆల్చిప్ప పొగ చిమ్మినట్లు వీర్యం విడుస్తుంది. యజమాని సంతోషానికి మేరలేదు. తెల్లవారేసరికి నీరు పాలవలె మారి, విడిచిన పదార్థం కుళ్ళి, ప్రాణవాయువు తగ్గి చేపలు తేలుతవి. ఒకే ఆల్చిప్ప ఉన్నచోట కలయికకు మరొక వీర్యం లేదు. పిల్లలు పుట్టినా, నీటిని శుభ్రపరచే పంపే వానిని లాగివేస్తుంది. దానిని ఆపితే తక్కిన ప్రాణులు బ్రతకవు. తొట్టెను అందంగా ఉంచే ఏర్పాటే సంతానానికి మృత్యువు కావడం విచిత్రం. వేరుతొట్టె, విస్తారమైన నీరు, మాసాల ఓపిక ఉన్నవారికే ఇది సాధ్యం.

కనుక ఇంటి తొట్టెల కోరికను తీర్చినది ఇల్లు కాదు, పలావ్ వంటి దీవుల సిమెంటు తొట్టెలు. ఇది చిన్నమేలు కాదు. క్రోషియా అనే చిన్నజాతి పగడపు రాతిలోనే తొలుచుకొని ఉంటుంది. దానిని పెకలించాలంటే దిబ్బను పగులగొట్టవలె. 1983లో రెండు పెద్దజాతులు, 1985లో తక్కినవి అంతర్జాతీయ వన్యజాతుల ఒడంబడిక అదుపులోకి వచ్చినవి. ఎగుమతికి పత్రం తప్పదు. ఆ పత్రంలో ప్రాణి సముద్రంలో పట్టినదో, తొట్టెలో పుట్టినదో వ్రాసి ఉంటుంది. మన లక్షద్వీపాలలోని మాక్సిమా జాతికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్నది. దానిని పట్టి ఇంటికి తెచ్చుకొనడం నేరం.