రంగు విఱుచు విద్య

నీలి తొట్టిలో ముంచి తీసిన నూలు మొదట పసుపుపచ్చగా కనబడి, గాలి సోకినకొలది నీలవర్ణము దాల్చుటను మీలో కొందఱు చూచియుందురు. నేను చిన్ననాట దానిని చూచి గారడి యనుకొంటిని. పులిసిన తొట్టిలోని సూక్ష్మజీవులు నీలిమందునకు ఎలక్ట్రానుల నిచ్చి, దాని రంగును దాచి, నీట కరగించును. గాలిలోని ఆమ్లజని ఆ యెలక్ట్రానులను గైకొని రంగును మరల బయలుపఱచును. రంగు మాపుట జీవులకు తెలిసిన విద్యయే.

1856లో లండనునగరమున పదునెనిమిదేండ్ల విలియం పెర్కిను క్వినైను చేయబోయి ఊదారంగును కనుగొనెను. 1858లో పీటరు గ్రీసు వర్ణించిన డయజో పదార్థములనుండి తరువాత ఆజో రంగులు పుట్టినవి. వీనియందు రెండు నత్రజని పరమాణువులు జంటబంధముచే కూడియుండును. ఎండకును చాకిరేవునకును ఓర్చుట వీనిలో మేలైనవాని సుగుణము. అద్దకపు మురుగు ఏటిలో కలసినప్పు డా సుగుణమే దుర్గుణ మగుచున్నది.

ఈ బంధము శరీరమున విఱుగునని 1935లో పారిసునందలి పాశ్చరు సంస్థ పండితులు తెలిపిరి. ప్రోంటోసిలను ఎఱ్ఱని ఆజో మందు లోపల చీలి సల్ఫనిలమైడును విడుచుననియు, రోగమును కుదుర్చునది ఆ తునకయే యనియు వారి నిర్ణయము.

బాక్టీరియాలలో ఈ పని చేయు ఎంజైము ఆజో రిడక్టేజు. అది ఒంటరిగా నేమియు చేయజాలదు. ఎలక్ట్రానులను మోసి తెచ్చు తోడు కావలయును. 1906లో హార్డెను, యంగు అను శాస్త్రజ్ఞులు ఈస్టురసమును వడగట్టి రెండు పాళ్లు చేసిరి. ఏ పాలును ఒంటరిగా చక్కెరను పులియజేయలేదు. రెంటిని కలుపగా పులిసినది. ఎంజైమునకు తోడు కలదని అట్లు తెలిసినది. ఆ తోడులో ముఖ్యమైనదానిని నేడు ఎన్‌.ఏ.డి. యందురు.

చిక్కు ఇచటనే యున్నది. రంగును విఱిచిన ప్రతిసారియు ఈ కావడివాడు వట్టి కుండలతో నిలుచును. నిండుకుండలను మాటిమాటికి కొని తెచ్చుట మిక్కిలి వ్యయము. ఈ శతాబ్దమున శాస్త్రజ్ఞులు ఆజో రిడక్టేజు జన్యువునకు గ్లూకోజు డీహైడ్రోజినేజు జన్యువును చిన్న లంకెతో కూర్చి, బాక్టీరియాచే రెంటిని ఒకే మాంసకృత్తుగా చేయించిరి. ఒక సగము రంగును విఱుచును. మఱియొక సగము చవుకయగు గ్లూకోజునుండి ఎలక్ట్రానులను తీసి కుండలను నింపును. కొలది కావడులే పెక్కుమార్లు తిరుగును.

ఇంతటితో తృప్తిపడరాదని నా మనవి. విఱిగిన ఆజో రంగు అమీనులను విడుచును. 1895లో జర్మనీయందు లూడ్విగు రేను అను శస్త్రవైద్యుడు రంగుల కర్మాగారపు కూలీలలో మూత్రాశయపు కేన్సరును గుర్తించెను. కొన్ని అమీనులు దానికి కారణమని తరువాత తేలినది. బెంజిడీను వానిలో నొకటి. బెంజిడీనుతో చేసిన రంగును విఱిచినచో బెంజిడీనే బయటపడును. కావున రంగు పోయిన నీటికి రెండవ శుద్ధి యవసరము.

నీలి తొట్టి నేర్పిన పాఠము నిదియే. కంటికి కనబడకున్నను నీలము తొట్టిలోనే యుండెను. ఏటినీరు తేటపడినదని సంతసించుటకు ముందు, ఆ తేటలో నేమి దాగినదో పరీక్షింపవలయును.